మరాకెష్ నుంచి ఫెస్ దాకా ఎడారి దారి: అమ్మానాన్నలతో మూడు రోజులు సరిపోతాయా?

వడ్డేపల్లి_గట్టు | ఆగస్టు 9

అందరికీ నమస్కారం. రెండేళ్ళుగా ఈ వేదిక చదువుతున్నాను గాని రాయడం ఇదే మొదలు. మాది హనుమకొండ, డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్తాను. నాన్న సింగరేణిలో ముప్పై ఏళ్ళు బొగ్గు బాయిలో చేసి భూపాలపల్లిలో రిటైర్ అయ్యారు. ఆయనకి ఎడారి చూడాలని ఉంది. రాజస్థాన్ పోదామంటే, "అది మన దేశమే కదా, ఎప్పుడైనా పోవచ్చు" అని ఫోన్‌లో మొరాకో వీడియోలు చూపించారు.

ఒక టూర్ కంపెనీ ప్యాకేజీ చూశాను. మరాకెష్‌లో ఎక్కితే అట్లాస్ కొండలు దాటి, ఐత్ బెన్‌హద్దూ అనే పాత మట్టికోట ఊరు, దాదెస్ లోయ, తోద్రా లోయ, మెర్జూగా ఇసుక దిబ్బల్లో ఒక రాత్రి, మూడో రోజు సాయంత్రానికి ఫెస్ నగరం. పదిహేడు సీట్ల వ్యాను. నాన్నకి 66, అమ్మకి 61, అమ్మకి మోకాళ్ళ నొప్పి. నేను, నా భార్య కలిపి మొత్తం నలుగురం. దసరా సెలవులకి కొన్ని రోజుల లీవు కలిపి వెళ్దామని అనుకుంటున్నాను.

వెళ్ళొచ్చినవాళ్ళు చెప్పండి. ఇది అమ్మానాన్నలతో చేయదగ్గ ప్రయాణమేనా?

---

కాజీపేట_జంక్షన్ | ఆగస్టు 9

చేయదగ్గదే. కానీ ఆ ప్యాకేజీలో కాదు.

నేను గత ఏడాది మార్చిలో సరిగ్గా అదే మూడు రోజుల వ్యాను ఎక్కాను. మనిషికి 120 యూరోలు. ధర చూసి సంబరపడ్డాను. లెక్క చూడండి: మరాకెష్ నుంచి మెర్జూగా దాదాపు 560 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఫెస్ ఇంకో 470. కొండదారి కాబట్టి మన నేషనల్ హైవే లెక్కలు పనికిరావు. మొదటి రోజు పొద్దున ఏడింటికి ఎక్కితే హోటల్లో దిగేసరికి రాత్రి ఏడు. రెండో రోజూ అంతే. మూడో రోజు ఎడారి గుడారం నుంచి చీకట్లోనే లేపారు. సూర్యోదయం ఒంటె మీద చూసి, టీ తాగి, మళ్ళీ వ్యాను. ఫెస్‌లో దిగేసరికి నడుము నాది కాదనిపించింది. అప్పుడు నాకు 34 ఏళ్ళు.

ఇంకో మాట. "గైడెడ్ టూర్" అని రాస్తారు గాని వ్యానులో ఉండేది డ్రైవరే. మా డ్రైవరు మంచివాడే, మూడు రోజుల్లో చెప్పింది మాత్రం "ఫోటో, ఇరవై నిమిషాలు". ఊరూరా ఒక లోకల్ గైడు వచ్చి గంటసేపు తిప్పుతాడు, ఆఖరున తివాచీ దుకాణంలో కూర్చోబెడతాడు. మధ్యాహ్నం భోజనం కూడా వాళ్ళు ఆపిన చోటే తినాలి.

---

నిర్మల్_బైకర్ | ఆగస్టు 10

అద్దెకు కారు తీసుకుని మీరే నడుపుకోండి అన్నా. రోడ్లు మంచిగా ఉంటాయి. మా నిర్మల్ మహబూబ్ ఘాట్ ఎక్కినవాళ్ళకి అట్లాస్ కొండల్లోని తిజి న్ తిష్కా కనుమ పెద్ద కష్టమేం కాదు.

---

కాజీపేట_జంక్షన్ | ఆగస్టు 10

తమ్ముడూ, మహబూబ్ ఘాట్ ఎత్తెంత, తిష్కా కనుమ ఎత్తెంత? అది 2,260 మీటర్లు. ఫ్రెంచివాళ్ళు 1930ల్లో వేసిన దారి, మెలిక మీద మెలిక. పైగా అక్కడ బండి రోడ్డుకి కుడివైపు నడపాలి. మనకి ఎడమ అలవాటు. ముందు సీట్లో తండ్రిని కూర్చోబెట్టుకుని ఆ ప్రయోగం వద్దు.

---

నిర్మల్_బైకర్ | ఆగస్టు 10

కుడివైపు సంగతి మరిచిపోయాను. ఒప్పుకుంటున్నా.

---

కరీంనగర్_డాక్టరమ్మ | ఆగస్టు 10

మోకాళ్ళ నొప్పి ఉన్నవాళ్ళకి ఈ దారిలో ఇబ్బంది పెట్టేవి మూడు. మొదటిది గంటల తరబడి కాళ్ళు ముడుచుకుని కూర్చోవడం. గంటన్నరకోసారి దిగి నాలుగడుగులు వేయాలి, షేరింగ్ వ్యానులో అది మన చేతిలో ఉండదు. రెండోది ఒంటె. ఎక్కేటప్పుడు కాదు, అది లేచేటప్పుడూ కూర్చునేటప్పుడూ మనిషిని ముందుకీ వెనక్కీ విసురుతుంది. గంటకు పైగా తొడలు ఎడంగా పెట్టుకుని కూర్చోవాలి. అమ్మకి ఒంటె వద్దే వద్దు, గుడారం దాకా జీపులో తీసుకెళ్తారు, ముందే అడగండి. మూడోది ఫెస్ పాతబస్తీ. లోపల బండ్లు తిరగవు, సందులన్నీ ఎగుడుదిగుడు.

మెలికల దారిలో వాంతులయ్యే అలవాటు ఉంటే బయలుదేరే ముందే మీ డాక్టర్ని అడిగి మాత్ర తీసుకోండి. పొద్దున కడుపు నిండా తినకండి. బీపీ, షుగర్ మందులు చేతి సంచీలోనే పెట్టుకోండి, చెక్-ఇన్ బ్యాగులో వద్దు.

---

వడ్డేపల్లి_గట్టు | ఆగస్టు 11

చాలా థ్యాంక్స్ మేడమ్. అయితే ప్రైవేటు కారు, డ్రైవరుతో నాలుగు రోజులు అడగాలన్నమాట. ఇక్కడ ఇంకో సమస్య వచ్చింది. సద్దుల బతుకమ్మ ఇంట్లో ఆడకుండా ఎక్కడికీ కదలనని అమ్మ తేల్చి చెప్పింది. "మీ మొరాకోల గునుగు పువ్వు దొరుకుతదా?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

---

కొత్తవాడ_మగ్గం | ఆగస్టు 11

అమ్మ మాటే మాట. దసరా అయ్యాక బయలుదేరండి. జమ్మి ఆకు జేబులో పెట్టుకుని పోవచ్చు.

---

జగిత్యాల_గల్ఫన్న | ఆగస్టు 12

నేను పదకొండేళ్ళు దుబాయిలో ఉన్నాను, రెండేళ్ళ కింద కాసాబ్లాంకా వెళ్ళాను. నా అరబ్బీ అక్కడ సగమే పనిచేసింది. వాళ్ళది దరీజా, మాటలు మింగేస్తారు. నేను మాట్లాడితే వాళ్ళకి అర్థమవుతుంది, వాళ్ళు మాట్లాడితే నేను బిత్తరపోవాలి. కొండల్లోకి పోతే అరబ్బీ కూడా కాదు, అమాజిగ్ భాష. 2011 నుంచి అది కూడా అధికార భాషే, బోర్డుల మీద గుండ్రాలూ గీతలతో విచిత్రమైన లిపి కనిపిస్తుంది. "అజుల్" అంటే నమస్కారం. ఆ ఒక్క మాట అంటే చాలు, ముసలాయనల ముఖాలు వెలుగుతాయి.

పైసల సంగతి. దిర్హమ్ అనగానే దుబాయి దిర్హమ్ అనుకోకండి, ఇది వేరే. ఒక దిర్హమ్ మన డబ్బులో సుమారు తొమ్మిది, పది రూపాయలు. ఇక్కడ శంషాబాద్‌లో దొరకదు, అక్కడే మార్చుకోవాలి. యూరోలు పట్టుకుపోండి. చిల్లర ఎప్పుడూ ఉంచుకోండి, బాత్రూమ్ కాపలా ఆమెకి ఒకటో రెండో దిర్హమ్‌లు ఇవ్వాలి. వీసా ఆన్‌లైన్‌లోనే, ఈ-వీసా. హైదరాబాద్ నుంచి నేరుగా విమానం లేదు, దోహా, దుబాయి, అబుదాబి ఏదో ఒకటి పట్టుకోవాలి.

తిండి భయం వద్దు. కూరగాయల తజీన్ అన్ని చోట్లా ఉంటుంది. మట్టిమూకుడులో చిన్న సెగ మీద గంటలు ఉడికిస్తారు. కానీ కారం సున్నా. జీలకర్ర, అల్లం, కుంకుమపువ్వు వాసనే. మన ఎనుమాముల మిర్చి మార్కెట్ ఘాటు అలవాటైన నాలుకకి మూడో రోజు కన్నీళ్ళొస్తాయి. కారంపొడి సీసా మరవద్దు. హరీరా అనే పప్పు చారులో చాలాసార్లు మాంసం వేస్తారు, శాకాహారులు అడిగి తాగాలి.

---

వడ్డేపల్లి_గట్టు | ఆగస్టు 12

అన్నా, భూకంపం సంగతేంటి? అమ్మకి ఎవరో చెప్పారు, అప్పటి నుంచి టెన్షన్.

---

జగిత్యాల_గల్ఫన్న | ఆగస్టు 12

2023 సెప్టెంబరు 8 రాత్రి వచ్చింది, తీవ్రత 6.8. మరాకెష్‌కి నైరుతిగా కొండల్లో కేంద్రం. దాదాపు మూడు వేల మంది పోయారు. నేను వెళ్ళేసరికి కొండల్లో కొన్ని ఊళ్ళలో జనం ఇంకా టెంట్లలోనే ఉన్నారు. టూరిస్టు దారి తెరిచే ఉంది. భయం అంటే ఏం చెప్తాం, అక్కడివాళ్ళు అక్కడే బతుకుతున్నారు కదా.

---

రిటైర్డ్_హిస్టరీ | ఆగస్టు 14

ఆలస్యంగా చూశాను. దారి, ఖర్చు సంగతి పిల్లలు బాగా చెప్పారు. నేను ఇంకో రెండు మాటలు చెప్తాను, ఎందుకంటే ఆ దారికీ మన ఓరుగల్లుకీ ఒక చుట్టరికం ఉంది.

1323లో ఓరుగల్లుని పట్టుకుని ప్రతాపరుద్రుణ్ణి బందీ చేసిన ఉలుఘ్ ఖాన్ రెండేళ్ళకే ఢిల్లీలో ముహమ్మద్ బిన్ తుగ్లక్ పేరుతో సుల్తాను అయ్యాడు. పదేళ్ళు తిరగకముందే ఒక మొరాకో యాత్రికుడు అతని కొలువులో చేరి ఢిల్లీ ఖాజీ అయ్యాడు. అతనే ఇబ్న్ బతూతా. 1304లో టాంజియర్‌లో పుట్టాడు. మీరు మెర్జూగా వెళ్ళే దారిలో రిస్సానీ అనే చిన్న ఊరు వస్తుంది. దాని పక్కనే సిజిల్‌మాసా శిథిలాలు, సహారా దాటే బిడారులు ఆఖరుసారి నీళ్ళు నింపుకునే పట్నం. 1352లో ఇబ్న్ బతూతా తన ఆఖరి పెద్ద ప్రయాణం అక్కడి నుంచే మాలీకి మొదలుపెట్టాడు. తిరిగొచ్చాక ఫెస్‌లో సుల్తాను అబూ ఇనాన్ ఆజ్ఞ మీద తను చూసిందంతా చెప్పి రాయించాడు. ఆ సుల్తాను పేరుతోనే ఉన్న బూ ఇనానియా మదరసా ఫెస్‌లో చూడండి. మసీదుల లోపలికి ముస్లిమేతరులను రానివ్వరు గాని మదరసాలోకి రానిస్తారు.

రెండోది ఐత్ బెన్‌హద్దూ. 1987 నుంచి యునెస్కో జాబితాలో ఉంది. అది పూర్తిగా మట్టి. చెక్క పలకల మధ్య తడిమట్టి పోసి దిమ్మిసతో కొట్టి కొట్టి గోడ లేపుతారు, పైభాగాలకి ఎండిన ఇటుక. వాన పడ్డప్పుడల్లా కరుగుతుంది, మళ్ళీ మెత్తాలి. మన వరంగల్ కోటకి ఎంతమంది వెళ్ళినా తోరణాల దగ్గర ఫోటో దిగి వచ్చేస్తారు. రాతికోట బయట ఉన్న మట్టికోటని ఎవరు చూస్తారు? 1310లో ఢిల్లీ సేనాని మాలిక్ కాఫర్ ముట్టడించినప్పుడు ఆ మట్టిగోడకి ఉక్కు ఈటె కూడా దిగలేదని అమీర్ ఖుస్రో అంతటి కవి రాశాడు. ఇప్పుడు దాని మీద తుమ్మచెట్లు, పక్కన ప్లాట్లు. బాబూ, నువ్వు వెళ్ళే ముందు ఒకసారి మన మట్టికోట ఎక్కి చూసి వెళ్ళు. నాన్నని కూడా తీసుకెళ్ళు.

---

కాజీపేట_జంక్షన్ | ఆగస్టు 14

సార్, నేను ఐత్ బెన్‌హద్దూలో నలభై నిమిషాలు గడిపాను, అందులో పదిహేను నిమిషాలు బాత్రూమ్ లైనులో. మీరు ఇది ముందే రాసి ఉంటే బాగుండేది.

---

కొత్తవాడ_మగ్గం | ఆగస్టు 15

తివాచీ దుకాణం అన్నారు కదా, అందుకని రాస్తున్నాను. మా తాత, నాన్న జంఖానాలు నేశారు. నేను నేయను గాని చూస్తే తెలుస్తుంది.

దుకాణంలోకి పోగానే పుదీనా టీ ఇస్తారు, తాగండి, దానికి రుణపడిపోరు. రెండు రకాలు చూపిస్తారు. ఒకటి ముడివేసిన తివాచీ, ఒత్తుగా నూలు నిలబడి ఉంటుంది. రెండోది హన్‌బెల్, మన జంఖానా లాగే పడుగు పేకలతో చదునుగా నేసినది. తిరగేసి చూడండి. ముడితివాచీ అయితే వెనక వైపు కూడా ముడులు ఒక్కొక్కటీ కనబడాలి. వెనక గుడ్డ అతికించి ఉంటే వదిలేయండి. "కాక్టస్ సిల్క్" అని ఒకటి మెరుస్తూ చూపిస్తారు. నాగజెముడు నుంచి తీసిన పట్టు అంటారు. ఎక్కువ భాగం రేయానే. అందంగానే ఉంటుంది, కానీ పట్టు ధర ఇవ్వకండి. చెప్పిన ధరలో మూడో వంతుతో మొదలుపెట్టండి.

---

మోడరేటర్ | ఆగస్టు 16

టూర్ కంపెనీల పేర్లు, ఫోన్ నంబర్లు ఇక్కడ పెట్టవద్దు. ఇద్దరి పోస్టులు తీసేశాం.

---

వడ్డేపల్లి_గట్టు | సెప్టెంబరు 3

బుక్ చేశాను. ప్రైవేటు కారు, నాలుగు రోజులు, మూడు రాత్రులు దారిలో. ధర షేరింగ్ వ్యానుకి రెండింతల పైనే పడింది, నలుగురం పంచుకుంటే భరించగలిగినంతే. ఎడారి రాత్రి ఏ రోజు పడాలో అమ్మే నిర్ణయించింది. గోడ క్యాలెండర్ ముందు నిలబడి, "దసరా దశమి, తెల్లారి ఏకాదశి పోతం, అయిదో నాడు పున్నం, దాని తెల్లారి ఎడారి" అని లెక్క చెప్పింది. నక్షత్రాలు కనిపించవేమోనన్నాను. "చీకట్ల ఇసుక ఏం కనబడతది?" అంది.

సార్ చెప్పినట్టు మట్టికోటకి నాన్నని తీసుకెళ్ళాను. గట్టు ఎక్కి చాలాసేపు నిలబడ్డారు.

---

వడ్డేపల్లి_గట్టు | అక్టోబరు చివర

తిరిగొచ్చి వారం దాటింది. మీ అందరికీ లెక్క అప్పజెప్పాలి కదా.

కాసాబ్లాంకాలో దిగి రైల్లో మరాకెష్, అక్కడ ఒక రోజంతా ఆగాం. కుతుబియ్యా మినారు 77 మీటర్లు, పాతబస్తీలో దారి తప్పినప్పుడల్లా దాన్ని చూసి తిరిగొచ్చాం. జమా ఎల్-ఫ్నా చౌక్‌లో రాత్రి పొగ, డప్పులు, పాములోళ్ళు. అమ్మకి అది ఏడుపాయల జాతరలా అనిపించిందట. నాకు తలనొప్పి వచ్చింది.

మొదటి రోజు తిష్కా కనుమ. నా భార్యకి రెండుసార్లు వాంతి. అమ్మకి ఏమీ కాలేదు. ఐత్ బెన్‌హద్దూ దగ్గర మూడు గంటలు ఉన్నాం, రాత్రి ఊర్జజాత్‌లో పడుకున్నాం. పైదాకా అమ్మ ఎక్కలేదు. ఏటి గట్టున కూర్చుని గోడలు చూస్తూ, "ఇది పేడతోటి అలికితే ఇంకా ఉంటది" అంది. నిజానికి వాళ్ళు మట్టిలో గడ్డి కలుపుతారు. ఒక ఇంటి దగ్గర గోడ మెత్తుతున్న ముసలాయన చేతులు చూసి నాన్న ఆగిపోయారు. భాష లేదు, ఒకరి అరచేతులు ఒకరు చూసుకున్నారు. అంతే.

రెండో రోజు దాదెస్, తోద్రా. తోద్రా దగ్గర రెండు వైపులా మూడు వందల మీటర్ల గోడలు, మధ్యలో చిన్న సెలయేరు, మీద సన్నటి ఆకాశం. అందరూ తలెత్తి చూస్తారు. ఎక్కువ చెప్పను, ఫోటోలు చాలు.

అసలు సంగతి మూడో రోజుది. ఎర్ఫూద్ దాటక ముందు రోడ్డు పక్కన ఎడారిలో వరసగా మట్టి పుట్టలు కనిపించాయి, పెద్ద చీమల పుట్టల్లా, కనుచూపు మేర. డ్రైవరు వాటిని "ఖెత్తారా" అన్నాడు. కొండ అంచున భూగర్భ జలం దగ్గర మొదలుపెట్టి, కొద్దిపాటి వాలుతో భూమి కింద కిలోమీటర్ల పొడవున సొరంగం తవ్వి, మోటారు లేకుండా నీళ్ళు ఒయాసిస్సుకి పారించే పద్ధతి. ఆ పుట్టలు నిలువు బావుల నోళ్ళు. తవ్విన మట్టి తీయడానికీ, గాలికీ. నీటి వంతులు ఎకరాల్లో కాదు, గంటల్లో పంచుకుంటారట. ఇప్పుడు చాలా వరకు ఎండిపోయాయి, మోటారు బావులొచ్చి నీటిమట్టం పడిపోయింది.

ఒకచోట కొన్ని దిర్హమ్‌లు తీసుకుని లోపలికి దింపుతారు. మెట్లున్నాయి. నాన్న దిగుతానన్నారు. రిటైర్ అయ్యాక ఆయన లిఫ్టు ఎక్కడం కూడా ఇష్టపడరు, ఎడారికి వచ్చిందే ఆకాశం చూడడానికి. నేను వెనకే దిగాను. సొరంగంలో కొంచెం వంగి నడవాలి. నాలుగడుగులు వేసి ఆగి, చేతికర్రతో కప్పు మీద తట్టారు. చెవి పెట్టి విన్నారు. ఇంకో చోట తట్టారు. బాయిలో ప్రతి షిఫ్టు మొదట్లో అదే చేసేవారట, కప్పు గట్టిదైతే ఒక చప్పుడు, వదులైతే ఇంకో చప్పుడు. "మంచిగున్నది, పా" అన్నారు. గైడు కుర్రాడు నవ్వాడు. నాన్న నవ్వలేదు. "తట్టా చెమ్మసు పట్టుకుని తవ్విన్రు బిడ్డా, వాలు చూడు, ఏ మిషన్ లేకుండ ఎట్ల పట్టిన్రు" అని అక్కడే అరగంట. పైన అమ్మ కంగారు పడి అరుస్తుంటే గాని రాలేదు. ముప్పై ఏళ్ళు ఆయన ఏం పని చేశారో నేను కంటితో చూసింది ఆ అరగంటే.

రిస్సానీలో మెదఫౌనా అని కూరిన రొట్టె తిన్నాం, కూరగాయలతో చేయించుకుని. సిజిల్‌మాసా దగ్గర పెద్దగా ఏమీ మిగల్లేదు సార్, మట్టి మొండి గోడలు. అయినా దిగి చూశాం.

మెర్జూగాలో ఒక మోసం. బుక్ చేసిన గుడారం నిండిపోయిందని ఇంకోటి ఇచ్చారు, వేడినీళ్ళు లేవు. గొడవపడి కొంత డబ్బు వెనక్కి తీసుకున్నాను. దిబ్బలు మాత్రం చెప్పినంత. ఎర్గ్ షెబ్బీ అంటారు వాటిని, ఎత్తైనవి 150 మీటర్ల దాకా. ఎడారి అంటే అంతా ఇసుకే అనుకున్నాం గాని దారి పొడుగునా చూసింది ఎక్కువగా నల్లరాళ్ళ మైదానమే. అమ్మ జీపులో, మేం ముగ్గురం ఒంటెల మీద. చీకటి పడ్డాక కొద్దిసేపు నక్షత్రాలు. తర్వాత చంద్రుడు దిబ్బ వెనక నుంచి వచ్చాడు, మా నీడలు ఇసుక మీద పడ్డాయి. అమ్మ లెక్క తప్పలేదు.

నాలుగో రోజు మిదెల్త్, దేవదారు అడవిలో కోతులు, ఇఫ్రాన్. ఇఫ్రాన్ చూస్తే మొరాకోలా ఉండదు, ఫ్రెంచివాళ్ళు 1929లో కట్టిన చలి ఊరు. ఫెస్ చేరేసరికి సాయంత్రం. ఫెస్‌లో "ఈ దారి మూసేశారు, నాతో రండి" అనే కుర్రాళ్ళు నలుగురు తగిలారు, ఏ దారీ మూసిలేదు. గాడిదలూ కంచరగాడిదలూ సామాను మోసుకొస్తుంటే "బాలక్, బాలక్" అని అరుస్తారు, గోడకి అతుక్కోవాలి. షువారా తోళ్ళ బట్టీల దగ్గర ముక్కుకి పుదీనా కొమ్మ ఇస్తారు. సున్నం, పావురాల రెట్ట కలిపిన తొట్లలో తోళ్ళు నానబెడతారు. అమ్మ కొంగు అడ్డం పెట్టుకుని చివరిదాకా చూసింది.

---

కరీంనగర్_డాక్టరమ్మ | అక్టోబరు చివర

అమ్మ మోకాళ్ళు ఎలా ఉన్నాయి?

---

వడ్డేపల్లి_గట్టు | అక్టోబరు చివర

బాగానే ఉన్నాయి మేడమ్, గంటన్నరకోసారి కారు ఆపించాం. ఇప్పుడు నాన్న నడుము పట్టేసింది. ఒంటె.

---

రిటైర్డ్_హిస్టరీ | అక్టోబరు చివర

బాబూ, నాన్నగారిని ఒకసారి మా ఇంటికి తీసుకురా. ఆ ఖెత్తారా సంగతి ఆయన నోటితో వినాలి.

---

కొత్తవాడ_మగ్గం | అక్టోబరు చివర

అన్నీ చెప్పారు, తివాచీ సంగతి చెప్పలేదు. కొన్నారా?

---

వడ్డేపల్లి_గట్టు | అక్టోబరు చివర

ఒక హన్‌బెల్ కొన్నాం. 1,800 దిర్హమ్‌లు అన్నాడు. అమ్మ రెండు సార్లు తలుపు దాకా నడిచి 650కి తెచ్చింది. వెనక్కి తిప్పి ఫోటో పెట్టాను, చూడండి.

---

కొత్తవాడ_మగ్గం | అక్టోబరు చివర

ఫోటోలో చూసినంత వరకు ఉన్నిదే, అంచు గట్టిగా కట్టారు. ఎరుపు రంగు మాత్రం మొదటిసారి ఉతికినప్పుడు వదులుతుంది. చల్లనీళ్ళలో, వేరే బట్టలు కలపకుండా ఉతకమని అమ్మకి చెప్పండి.